గద్దించాలా, దిద్దాలా?

ఈసారి మా కుక్క గురించి రాస్తున్నాను. దాని పేరు జున్ను. దానితో నేను తెలుగులోనే మాట్లాడతాను. "కూర్చో", "ఆగు", "ఇటు రా", "వద్దు". మనలాంటి వాళ్లకి ఇది మంచి అభ్యాసం. కుక్కకి "అండి" అక్కర్లేదు కదా!

మేము దుబాయ్‌లో, అల్ ఖూజ్‌లో ఉంటాం. చుట్టూ గోదాములు, గ్యారేజీలు, లారీలు. ఎండాకాలంలో నేల కాలిపోతుంది కాబట్టి తెల్లవారకముందే బయటికి వెళ్తాం. 2016లో వచ్చిన 22వ నంబరు ఫెడరల్ చట్టం ప్రకారం ఇక్కడ బయట కుక్కకి లీష్ ఉండాలి.

పోయిన నెల జున్ను ఒక పిల్లిని చూసి రోడ్డు మీదికి దూకింది. నేను "ఆగు!" అని అరిచి, లీష్ గట్టిగా లాగాను. అది కుయ్యిమంది. లారీ మా ముందు నుంచి వెళ్లిపోయింది. ఆ లాగడం తప్పు అని నేను అనను. కానీ ఇంటికి వచ్చాక కూడా దాన్ని పది నిమిషాలు తిట్టాను. అదే నా తప్పు. కుక్కకి చేసిన పనికీ మన మాటకీ మధ్య ఒకటి రెండు సెకన్లే ఉండాలి. అంతకన్నా ఆలస్యమైతే ఎందుకు తిడుతున్నామో దానికి తెలియదు. మరుసటి రోజు "ఇటు రా" అంటే రాలేదు. తోక ముడుచుకుని, మూతి నాక్కుంటూ దూరంగా నిలబడింది. పిలిస్తే రాని కుక్కకి ఈ రోడ్ల పక్కన చాలా ప్రమాదం.

"మెత్తగా ఉంటే నెత్తికెక్కుతుంది, నువ్వే నాయకుడివని చూపించు" అని చాలామంది అంటారు. ఆ నాయకుడి మాట బోనులో ఉన్న తోడేళ్లని చూసి పుట్టింది. దాన్ని 1970లో తన పుస్తకంతో బాగా ప్రచారం చేసిన డేవిడ్ మీచ్, 1999లో తనే సరిదిద్దుకున్నాడు. అడవిలో తోడేళ్ల గుంపు అంటే అమ్మ, నాన్న, పిల్లలు. అంతే. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కల మీద చేసిన పరిశోధనలో కూడా, శిక్షలతో నేర్చుకున్న కుక్కల్లోనే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది.

మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. మందలించడం మెల్లగా చెప్పడం. గద్దించడం గట్టిగా అనడం. దండించడం శిక్ష. దిద్దడం వేరు. పలక మీద రాసిన అక్షరం మీదే పిల్లల చేత మళ్లీ మళ్లీ రాయించడాన్ని కూడా దిద్దించడం అంటారు.

చిన్నప్పుడు నేను "నాన్న వచ్చింది" అన్నాను. చుట్టాలందరూ పగలబడి నవ్వారు. రెండేళ్లు వాళ్ల ముందు తెలుగు మాట్లాడలేదు. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. "అవునా, నాన్న వచ్చారా?" అంది. నేను అది మర్చిపోలేదు.

అందుకే ఇప్పుడు నా కొలత ఇది. "వద్దు" అన్నాక జున్ను ఆ పని ఆపాలి. వెంటనే నా దగ్గరికి రావాలి, ఇచ్చింది తినాలి. ఆపకపోతే నా మాట సరిపోలేదు. ఆపి కూడా నా దగ్గరికి రాకపోతే, నేను హద్దు దాటాను. మెత్తగా ఉండడం అంటే వదిలేయడం కాదు. ఈరోజు వద్దన్నది రేపు కూడా వద్దే.

మూడు వారాలు పట్టింది. ఇప్పుడు పిలిస్తే వస్తోంది.

ఈ పోస్టులో తప్పులుంటే దిద్దండి. గద్దించకండి!