పుట్ సరే, బట్ ఎందుకు?

పి యు టి పుట్ అయితే బి యు టి బట్ ఎందుకయిందండీ? మన బళ్ళలో ఈ ప్రశ్న తరతరాలుగా నడుస్తోంది. అడిగిన పిల్లవాడికి దక్కే జవాబు మాత్రం మారలేదు: "ఇంగ్లీషంతే, బట్టీ పట్టు." పెద్దయ్యాక మనమే దాన్ని జోకుగా చెప్పుకుని నవ్వుకుంటాం. దానికి జవాబు లేదని మన నమ్మకం. జవాబు శుభ్రంగా ఉంది. అది విన్నాక పిల్లవాడు అడిగిందే సబబనిపిస్తుంది కూడా.

ఒకప్పుడు ఇంగ్లండంతటా ఈ రెండు మాటల్లోనూ పలికింది ఉకారమే. పదిహేడో శతాబ్దంలో లండన్‌లోనూ దక్షిణాదిలోనూ అది చాలా మాటల్లో జారి, మన అకారానికి దగ్గరగా వచ్చింది. కట్, కప్, బట్ ఆ కోవవే. ప, బ, ఫ లాంటి పెదవులతో పలికే హల్లుల పక్కన కొన్ని మాటలు మారకుండా నిలిచిపోయాయి: పుట్, పుష్, బుల్, ఫుల్. అక్కడా అన్నీ నిలవలేదు, నిలిచి ఉంటే బట్ కూడా బుట్‌గానే మిగిలేది. ఉత్తరాదికి మాత్రం ఆ మార్పు చేరనేలేదు. ఇవాళ్టికీ లీడ్స్‌లోనో షెఫీల్డ్‌లోనో పాతకాపుల నోట కప్పు 'కుప్', బట్ 'బుట్'. మన మూడో తరగతి కుర్రాడు యార్క్‌షైర్‌లో పుట్టి ఉంటే వాడికి ఆ సందేహమే వచ్చేది కాదు.

ఈ యు అక్షరం మన కడప దాకా వచ్చింది. దొరలు కడపను సి యు డి డి ఎ పి ఎ హెచ్ అని రాశారు. నోరు తిరగక అలా రాశారని చాలామంది అంటారు. అదేం కాదు. 'కడ'లో మొదటి అకారానికి వాళ్ళు తమ 'కట్'లో ఉన్న యు వాడుకున్నారు. పంజాబ్‌లో, కటక్‌లో ఉన్నదీ ఆ యు కారమే. వాళ్ళ లెక్క ప్రకారం అది తప్పు లేని రాత. దాన్ని 'కుడ్డపా' అని చదువుకున్నది మనమే. 2005లో కె తో మొదలయ్యే కొత్త స్పెల్లింగు వచ్చింది కాబట్టి ఇప్పటి పిల్లలకు ఆ బాధ తప్పింది.

అసలు చిక్కంతా అచ్చు యంత్రం వచ్చిన వేళలో ఉంది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ముద్రణాలయం పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ కదిలిపోతున్నాయి. మునుపు 'నామ' లాగా వినబడిన మాట మెల్లగా 'నేమ్' అయింది. నైట్ అనే యోధుడి పేరులో మొదటి కె, నడిమి జి హెచ్ గట్టిగా పలికేవి, తర్వాత మూగబోయాయి. నోరు ముందుకు పోయింది. అచ్చులో రాత ఉన్నచోటే ఉండిపోయింది.

అంతకు ముందే చేతిరాత చేసిన అల్లరి ఇంకొంత ఉంది. లవ్, సన్, మంక్ లాంటి మాటల్లో ఓ అక్షరానికి ఏం పనో ఎప్పుడైనా ఆలోచించారా? నాటి లేఖకుల రాతలో యు, ఎన్, ఎమ్, వి అన్నీ నిలువు గీతలే. పక్కపక్కన నాలుగు పడితే ఏ గీత ఏ అక్షరానిదో తేల్చడం కష్టం. అందుకని అలాంటి చోట్ల యు తీసేసి గుండ్రంగా ఓ రాశారని భాషా చరిత్రకారులు చెబుతారు. కళ్ళకు సాయం చేద్దామని చేసిన పని ఇప్పుడు మన పిల్లల ప్రాణం తీస్తోంది.

ఇక డెట్ అనే మాటలో బి పెట్టినవాళ్ళను మాత్రం నేను క్షమించలేను. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని పండితులు తెచ్చి అతికించారు. షేక్‌స్పియర్ దాన్ని వదిలిపెట్టలేదు. 'లవ్స్ లేబర్స్ లాస్ట్' నాటకంలో హోలోఫెర్నిస్ అనే బడిపంతులు, జనం డెట్‌లో బి పలకడం లేదని తెగ బాధపడిపోతాడు. అలాంటి మేస్టార్లు మనకూ ఉన్నారు, పేర్లు చెప్పను.

రికార్డింగులు లేని కాలంలో ఎవరెలా పలికారో ఎలా తెలిసిందంటారా? చాలావరకు కవులు పట్టిచ్చారు. అలెగ్జాండర్ పోప్ 'ది రేప్ ఆఫ్ ది లాక్' కావ్యంలో టీ అనే మాటకు ఒబే అనే మాటతో అంత్యప్రాస కలిపాడు. అంటే పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఆయన తాగింది 'టే'. ఇప్పుడది కుదరని ప్రాసలా కనిపిస్తుంది గాని ఆయన చెవికి కుదిరింది. గ్రేట్, బ్రేక్, స్టేక్ ఆ పాత పలుకుబడిని ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి. మీట్, సీట్ దారి మార్చుకున్నాయి. అన్నిటికీ స్పెల్లింగులో ఉన్నది ఇ ఎ జంటే.

మన ప్రాసా ఇలాంటి సాక్ష్యమే చెబుతుంది. పాతకాలం కవులు మామూలు రేఫను బండి ఱతో ప్రాసకు కలపకుండా జాగ్రత్తపడ్డారు కాబట్టే ఆ రెండూ ఒకప్పుడు వేరు ధ్వనులని తెలుస్తోంది. రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం అని మనం తెలుగు గురించి కాస్త ఎక్కువే గొప్ప చెప్పుకుంటాం. 'చలి'లో చ వేరు, 'చిలుక'లో చ వేరు, రాసే అక్షరం ఒకటే. 'వచ్చాడు'లో నడుమ వచ్చే ఆ సాగదీత అచ్చుకు మన అక్షరమాలలో గుర్తే లేదు. ఉత్తరాంధ్ర కథకులు కొందరు 'వచ్చేడు' అని రాసి సర్దుకున్నారు.

అయితే ఇంగ్లీషువాళ్ళు ఈ తలనొప్పిని వదిలించుకోవచ్చు కదా? చూశారు. అమెరికాలో నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్ కలర్‌లో యు తీసేస్తే జనం ఒప్పుకున్నారు. ఆయనే టంగ్ అనే మాటను టి యు ఎన్ జి అని రాయమంటే వినలేదు. 1906లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రభుత్వ ముద్రణాలయం మూడు వందల మాటలను తేలిక స్పెల్లింగులో అచ్చేయాలని ఆదేశించాడు. పత్రికలు ఆట పట్టించాయి, కాంగ్రెస్ అడ్డం తిరిగింది, ఆయన వెనక్కి తగ్గాడు.

తగ్గడమే మంచిదయిందని నా అభిప్రాయం. పలికినట్టు రాద్దామంటే ఎవరు పలికినట్టు? లండన్ వ్యాఖ్యాత నోట క్రికెట్‌లో క్యాచ్ పట్టిన 'కాట్', న్యాయస్థానం 'కోర్టు' రెండూ ఒక్కలాగే వినబడతాయి, ఎందుకంటే కోర్టులో ఆర్ ఆయన మింగేస్తాడు. గ్లాస్గోవాడు మింగడు, చికాగోవాడు మింగడు, మన గుంటూరు వకీలు అసలే మింగడు. లండన్ చెవిని బట్టి ఆ ఆర్ కొట్టేస్తే మిగతావాళ్ళందరూ పరాయివాళ్ళయిపోతారు. అర్థం లేనట్టు కనిపించే ఆ పాత రాత ఎవరి నోటికీ పూర్తిగా చెందదు. అందుకే అందరికీ పనికొస్తోంది. ఒకే చోటివాళ్ళ నోళ్ళయినా కలవవు: ఆర్కాన్సాస్ రాష్ట్రం పేరులో చివరి ఎస్ పలకాలా వద్దా అని అక్కడివాళ్ళే కొట్టుకుంటే 1881లో శాసనసభ తీర్మానం చేసి 'ఆర్కన్సా' అని తేల్చాల్సి వచ్చింది.

మన దగ్గర మాత్రం ఫోనిక్స్ క్లాసుల పేరుతో, యాక్సెంట్ ట్రైనింగ్ పేరుతో ఆర్ గట్టిగా పలికే పిల్లలను సిగ్గుపడేలా చేస్తున్నారు. ఆర్ గట్టిగా పలకడం మొరటుతనమైతే స్కాట్లండ్ మొత్తం మొరటే. లెస్టర్‌కి చదువుకోడానికి వెళ్ళి దాన్ని 'లీసెస్టర్' అన్న కుర్రాణ్ణి చూసి ఎవరైనా నవ్వితే ఆ తప్పు స్పెల్లింగుది, వాడిది కాదు. అమెరికాలో స్పెల్లింగ్ బీ వేదికల మీద మన తెలుగింటి పిల్లలు గెలుస్తున్నారని పేపర్లలో ఫొటోలు వేసి మురిసిపోతాం. ఆ పోటీ చూసేవాళ్ళు గమనించే ఉంటారు: కష్టమైన మాట రాగానే పిల్లలు మొదట అడిగేవాటిలో ఒకటి, ఈ మాట ఏ భాష నుంచి వచ్చిందని. గ్రీకుదైతే ఒక రాత, ఫ్రెంచిదైతే ఇంకో రాత. వాళ్ళు బట్టీ ఒక్కటే పట్టలేదు.

కాబట్టి ఇంగ్లీషు చెప్పే మేస్టార్లకు, టీచరమ్మలకు ఒక మనవి. రేపు క్లాసులో ఎవరైనా పుట్, బట్ సంగతి అడిగితే కూర్చోబెట్టేయకండి. ఇంగ్లండ్ మ్యాపు తీసి లీడ్స్ ఎక్కడుందో చూపించండి, అక్కడివాళ్ళు బట్‌ని ఎలా పలుకుతారో చెప్పండి. అయిదు నిమిషాల పని. సిలబస్ ఏమీ వెనకబడదు.