జీతాల లెక్క పరాయి చేతిలో పెట్టకండి

చౌటుప్పల్‌లో, దండుమల్కాపురంలో, హైవే పొడవునా షెడ్లు వేసుకుని పని నడిపిస్తున్న యజమానులకు ఇది హెచ్చరిక. ఈ నెల జీతాలు వేసేలోపు చదవండి. మీ దగ్గర ఎనిమిది తొమ్మిది మందో, పదిహేడు పద్దెనిమిది మందో పనిచేస్తుంటే ఇవాళే చదవండి.

పదోమనిషి చేరిన రోజున ఈఎస్‌ఐ, ఇరవయ్యో మనిషి చేరిన రోజున పీఎఫ్ మీకు వర్తిస్తాయి. కాంట్రాక్టరు పంపిన మనుషులూ ఆ లెక్కలోకే వస్తారు. ఒకసారి వర్తించాక, తర్వాత మనుషులు తగ్గినా అవి వదలవు. అప్పటిదాకా నోటుబుక్కులోనో ఎక్సెల్ షీటులోనో సాగిన జీతాల పని ఒక్క నెలలో మారిపోతుంది. పీఎఫ్‌కు కార్మికుడి వాటా 12 శాతం, మీ వాటా 12 శాతం. ఈఎస్‌ఐకి అతనిది 0.75 శాతం, మీది 3.25 శాతం. నెల జీతం 15,000 దాటితే వృత్తి పన్ను 150 రూపాయలు, 20,000 దాటితే 200. వృత్తి పన్ను 10వ తేదీలోగా, పీఎఫ్, ఈఎస్‌ఐ 15లోగా కట్టాలి.

దండుమల్కాపురం పారిశ్రామిక పార్కును 2019 నవంబరు 1న ప్రారంభించింది చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసమే. నలుగురితో మొదలైన షెడ్డు ఆర్డర్లు పెరిగేకొద్దీ పది, ఇరవై అనే ఈ రెండు గీతలూ దాటక తప్పదు. సరిగ్గా అక్కడే మనవాళ్లు తప్పు చేస్తున్నారు. కొందరు మస్టర్‌లో పంతొమ్మిది పేర్లే ఉంచుతున్నారు. దాని గురించి ఒక్క మాట చాలు: అది తెలివి కాదు, ఇరవయ్యోవాడి ముసలితనాన్ని దొంగిలించడం. ఇంకొందరు నిజాయితీగా కట్టాలనే అనుకుంటారు. కానీ పట్నం నుంచి వచ్చినవాడు ఫోనులో రంగురంగుల తెర చూపించి, నెలకు తలకింత అని చెప్పగానే అన్నీ అతని చేతికి అప్పజెప్పేస్తారు. నా భయమంతా వీళ్ల గురించే. మోసం చేసే ఉద్దేశమే లేని యజమాని చేతి మీదుగా కార్మికుడు నష్టపోవడం నేను కళ్లారా చూశాను.

వానాకాలంలో ఒక సాయంత్రం పంతంగి టోల్‌గేటు దగ్గరి చాయ్ హోటల్లో ఒక కుర్రవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంస్థాన్ నారాయణపురం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి ప్లాస్టిక్ డబ్బాల షెడ్డులో మిషన్ మీద పనిచేస్తాడు. ఫోను నా చేతికిచ్చాడు. "అన్నా, జీతంల కటింగైతే అయితాంది గని పాసుబుక్కుల పడతలేదే. జర చూడు."

జీతం చీటీ చూశాను. పైన కంపెనీ ముద్ర, కింద వరుసలు ముత్యాల్లా ఉన్నాయి. మొత్తం జీతం 15,600. పీఎఫ్ 1,440, ఈఎస్‌ఐ 117, వృత్తి పన్ను 150. చేతికి 13,893. పైసా తేడా లేదు. ఉమాంగ్ యాప్‌లో పాసుబుక్కు తెరిస్తే మార్చి జీతం తర్వాత ఒక్క వరుస కూడా లేదు. ఫోనులో ఐదు నెలల చీటీలున్నాయి, ఐదు నెలల జమలు లేవు. అతని భార్యకు అప్పుడు ఏడో నెల. ఈఎస్‌ఐ ఆస్పత్రిలో చూపిద్దామనుకుంటే ఈ సంగతి బయటపడింది.

ఆ యజమాని నాకు కొంచెం తెలిసినవాడే. వెళ్లి అడిగితే ముందు నమ్మలేదు. "నెలనెలా పైసలు పంపుతనే ఉన్న కదా అన్నా" అంటూ బ్యాంకు స్టేట్‌మెంటు తీసి పరిచాడు. పంపింది నిజమే, కానీ ప్రభుత్వానికి కాదు, లెక్కలు చూసే ఏజెంటు ఖాతాకు. పీఎఫ్ పోర్టల్‌లో యజమాని లాగిన్ ఏజెంటు దగ్గరే ఉంది. దానికి ముడిపెట్టిన ఫోన్ నంబరూ ఏజెంటుదే, కాబట్టి ఓటీపీ కూడా అతనికే పోతుంది. తన సంస్థ పేజీ ఎలా ఉంటుందో యజమాని ఒక్కనాడూ తెరిచి చూడలేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం ప్రతి నెలా ఒకటో తేదీకల్లా చీటీలు ఇస్తూనే ఉంది. చీటీ తయారు కావడం వేరు, డబ్బు జమ కావడం వేరు. ఆ తేడా తెలియక అతను మొత్తం సొమ్మును రెండోసారి కట్టాల్సి వచ్చింది. పైన ఏడాదికి 12 శాతం వడ్డీ, నెలకు ఒక శాతం చొప్పున నష్టపరిహారం. ఏజెంటు కట్టలేదంటే చట్టం వినదు; బాధ్యత యజమానిదే. కార్మికుడి జీతంలో కోసిన పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను కట్టకుండా ఉంచుకుంటే అది నేరపూరిత నమ్మకద్రోహం. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో ఆ సంగతి విడిగా రాసి ఉంది.

ఈ నేల మీద బతికినవాళ్లకు ఇది పాత గాయమే. పాలమూరు లేబర్ అన్న మాట దేశమంతా ఎలా పాకింది? ఆనకట్టలకూ కాలువలకూ మేస్త్రి ముందు అడ్వాన్సు ఇచ్చి, ఊళ్ల నుంచి జనాన్ని గుంపులుగా తీసుకుపోయేవాడు. కూలి ఎంత, కోత ఎంత, మిగిలింది ఎంత అన్నది మేస్త్రి పుస్తకంలో ఉండేది. అది చదవలేనివాడికి ఎంత చెమటోడ్చినా బాకీ తీరేది కాదు. ఆ కరువు ఊళ్ల పిల్లలూ, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ల పిల్లలూ ఇవాళ మన షెడ్లలో షిఫ్టులు చేస్తున్నారు. మేస్త్రి పుస్తకం ఉన్న చోట ఇప్పుడు పాస్‌వర్డ్ ఉంది. ఈసారి ఆ పుస్తకాన్ని యజమాని కూడా చదవలేకపోతున్నాడు.

కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగే ముందు తాళాలు మీ చేతికి తెచ్చుకోండి. పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను, ఆదాయపు పన్ను పోర్టళ్ల లాగిన్లు మీ ఫోన్ నంబరుతో ఉండాలి. డిజిటల్ సంతకం టోకెన్ మీ బీరువాలో ఉండాలి. చలాను సొమ్ము మీ బ్యాంకు నుంచి నేరుగా పోవాలి. సాఫ్ట్‌వేర్ గానీ ఏజెంటు గానీ చెయ్యాల్సింది ఫైలు తయారుచేసి ఇవ్వడమే. పీఎఫ్‌కు పంపే ఈసీఆర్ బ్రహ్మపదార్థమేమీ కాదు. మనిషికొక వరుస చొప్పున యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు), పేరు, జీతం, రెండు వైపుల వాటాలు, పనికి రాని రోజులు ఉండే మామూలు టెక్స్ట్ ఫైలు. పదో తరగతి చదివిన మీ అమ్మాయి కూడా రెండు నెలల్లో నేర్చుకుంటుంది.

"జీతాల డబ్బంతా మాకు పంపండి, మేం మీ మనుషులకు పంచుతాం" అనేవాళ్లు వస్తే మరీ జాగ్రత్త. అమెరికాలో మైపేరోల్‌హెచ్‌ఆర్ అనే సంస్థ వేలాది మంది జీతాలు ఇలాగే పంచేది. 2019 సెప్టెంబరులో ఉన్నట్టుండి మూతపడింది. అప్పటికే కార్మికుల ఖాతాల్లో పడ్డ జీతాలు వెనక్కి పోయాయి. దాని అధిపతికి 2021లో 12 ఏళ్ల జైలు శిక్ష పడింది. అంత పెద్ద దేశంలో, అన్ని నిఘాల మధ్య అలా జరిగితే, మన హైవే పక్కన అడిగేవాడెవడు?

ఇక పరీక్ష. అమ్మేవాడు చూపించే డెమోలో అందరూ నెలంతా పనికి వచ్చినవాళ్లే ఉంటారు. మీ షెడ్డులో అలాంటి నెల ఉండదు. కాబట్టి మీ మస్టర్‌లోని మనిషినే అతని ముందు పెట్టండి. జీతం 15,600, 31 రోజుల నెల, మూడు రోజులు నాగా. 26తో భాగించే సాఫ్ట్‌వేర్ రోజుకు 600 చొప్పున 1,800 కోసి 13,800 చూపిస్తుంది. 30తో భాగించేది 1,560 కోసి 14,040 చూపిస్తుంది. 31తో భాగించేది 1,510 కోసి 14,090 ఇస్తుంది. ఒకే మనిషికి ఒకే నెలలో మూడు జీతాలు, 290 రూపాయల తేడా. మీరు నియామక పత్రంలో ఏ లెక్క రాశారో, ఇన్నాళ్లూ ఏ లెక్కన ఇస్తున్నారో అదే రావాలి. సాఫ్ట్‌వేర్ మారిందని మనిషి కూలి మారకూడదు.

అక్కడితో ఆపకండి. మూడు లెక్కల్లోనూ ఆ నెల జీతం 15,000 కిందికి దిగింది కాబట్టి వృత్తి పన్ను పడకూడదు. 150 కోసిందంటే ఆ సాఫ్ట్‌వేర్ నెల జీతాన్ని చూడటం లేదు, ఒప్పుకున్న జీతాన్ని చూస్తోంది. 14,040 మీద ఈఎస్‌ఐ 105 రూపాయల 30 పైసలు వస్తుంది. ఈఎస్‌ఐలో పైసలుంటే పై రూపాయికి పోవాలి, అంటే 106. పీఎఫ్‌లో మాత్రం దగ్గరి రూపాయికి సర్దుతారు. రెండింటినీ ఒకే తీరున సర్దితే అది మన చట్టాలు తెలియని సాఫ్ట్‌వేర్. తర్వాత ఇంకో మనిషిని పెట్టండి. జీతం 20,500 ఉండి జూన్‌లో 22,000 అయింది. ఈఎస్‌ఐ పరిమితి 21,000. దాటింది కదా అని జూన్‌లోనే ఆపేస్తే తప్పు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక కాలం, అక్టోబరు నుంచి మార్చి ఒక కాలం. మధ్యలో దాటినవాడికి ఆ కాలం చివరిదాకా కట్టాల్సిందే. జూన్‌లో ఆపితే ఆ ఇంటి మనిషి ఆస్పత్రి గుమ్మం దగ్గర ఆగిపోతాడు.

అయిపోయిన రెండు నెలల జీతాలూ, నడుస్తున్న ఒక నెల జీతాలూ పాత పద్ధతిలో, కొత్త పద్ధతిలో పక్కపక్కన వేయించండి. ప్రతి మనిషికీ ప్రతి వరుసా కలిశాకే పాతది వదలండి. కెనడా ప్రభుత్వం 2016లో ఫీనిక్స్ అనే జీతాల వ్యవస్థను తెచ్చినప్పుడు ముందస్తు ప్రయోగం రద్దు చేసింది, జీతాల పని తెలిసిన వందలాది సిబ్బందిని అప్పటికే తీసేసింది. లక్షన్నరకు పైగా ఉద్యోగుల జీతాల సమస్యలు పేరుకుపోయాయి. కొందరికి ఎక్కువ పడింది, కొందరికి తక్కువ, కొందరికి అసలే పడలేదు. మీ దగ్గర ఇన్నేళ్లుగా మస్టర్ రాస్తున్న పెద్దమనిషి ఉంటే, సాఫ్ట్‌వేర్ వచ్చింది కదా అని ఆయన్ని పంపెయ్యకండి. రాత్రి షిఫ్టు ఎవరు ఎవరికి బదులు చేశారో ఆయనకే తెలుసు.

ఇంతగా ఎందుకు తొందరపెడుతున్నానంటే, చట్టం కూడా మారిపోయింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచే పాత పద్ధతి ఇక నడవదు. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్నీ వేతనంగానే లెక్కగడతారు. 15,600లో బేసిక్ 6,000 పెట్టినా సగం 7,800 కాబట్టి మిగతా 1,800 కూడా వేతనమే. పని మానిన మనిషికి రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చి చేతికివ్వాలి. నెలాఖరుకు తప్ప జీతం వెయ్యలేని సాఫ్ట్‌వేర్ దీనికి పనికిరాదు. అమ్మేవాడిని ఈ రెండూ చేసి చూపించమనండి. "అప్‌డేట్ వస్తుంది సార్" అంటే, వచ్చాకే రమ్మనండి.

మీ మనుషుల ఆధార్ కాపీలు, బ్యాంకు పాసుబుక్కుల ఫోటోలు వాట్సాప్‌లో ఏజెంటుకు పంపడం ఈ రోజే ఆపండి. ఒప్పందం ముగిసిన రోజు మొత్తం లెక్క మీకు ఎక్సెల్‌లో తిరిగి వస్తుందని కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

జీతాల లెక్క ఆఫీసు పని అనుకునేవాళ్లు 2025 జూన్ 30ని గుర్తు చేసుకోవాలి. పాశమైలారం మందుల కర్మాగారం పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. ఆ ఉదయం లోపల ఎంతమంది ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. చౌటుప్పల్ చుట్టూ కూడా రసాయనాల, మందుల కంపెనీలున్నాయి. అలాంటి రోజు వస్తే చనిపోయిన మనిషి ఇంటికి పీఎఫ్‌కు అనుబంధంగా ఉన్న బీమా నుంచి గరిష్ఠంగా 7 లక్షలు, ఈఎస్‌ఐ నుంచి వేతనంలో 90 శాతం లెక్కన ఆధారపడ్డవాళ్లకు నెలనెలా సాయం రావాలి. ఎంత వస్తుందన్నది మీరు పంపిన ఫైలులో అతని పేరు పక్కన ఉన్న అంకె మీద ఆధారపడుతుంది. పేరే లేకపోతే అతని తల్లి కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి తిరగాలి.

మీ షెడ్డు గోడ మీద, హాజరు వేసే చోట, ఒక నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి: 9966044425. యూఏఎన్‌కు ముడిపడిన ఫోను నుంచి దానికి మిస్డ్ కాల్ ఇస్తే పీఎఫ్‌లో చివరిగా పడ్డ జమ ఎంతో మెసేజ్ వస్తుంది. ప్రతి నెలా 20వ తేదీన మీ ముందే ఇప్పించండి. ఎవరి ఫోనులో కొత్త జమ కనిపించలేదో ఆ సాయంత్రమే లాగిన్ తెరిచి చూడండి.

నారాయణపురం కుర్రవాడి ఫోనుకు ఆ మెసేజ్ వచ్చేసరికి అతని బిడ్డకు మూడో నెల నడుస్తోంది. కాన్పు ప్రైవేటు ఆస్పత్రిలో, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుతో జరిగింది.