అమ్మమ్మ అంటే బిస్కట్లు చేయాలా?

మన హాస్టల్లో కొరియన్ సీరియల్ నడవని గది లేదు. చూసి చూసి అందరికీ ఒక లెక్క కుదిరిపోయింది: కొరియాలో ఆడవాళ్ళు అణిగిమణిగి ఉంటారు, అదే కుటుంబం అమెరికా వెళ్తే అమ్మాయికి రెక్కలొస్తాయి. ఈ లెక్క నాకు ఒప్పదు.

'మినారి' సినిమా (2020) చూసినవాళ్ళు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 1980లలో ఆర్కాన్సాస్ పల్లెకి వచ్చిన కొరియన్ కుటుంబం. మొగుడూ పెళ్ళామూ ఇద్దరిదీ ఒకటే పని, కోడిపిల్లల్లో ఆడవి ఏవో మగవి ఏవో చూసి వేరుచేయడం. కొరియా నుంచి అమ్మమ్మ దిగుతుంది. మనవడికి ఆవిడ నచ్చదు. అసలు అమ్మమ్మే కాదంటాడు. ఎందుకట? బిస్కట్లు చేయదు, తిడుతుంది, పేకాట నేర్పుతుంది! ఆ వేషానికే యూన్ యో-జంగ్‌కి 2021లో ఆస్కార్ వచ్చింది. ఆ సీనుకి నేనూ నవ్వాను. తర్వాత తట్టింది, అమ్మమ్మ ఇలా ఉండాలి అనే కొలత ఆ పిల్లాడికి ఇచ్చింది కొరియా కాదు కదా, అమెరికా! అక్కడా ఆడదానికి ఒక అచ్చు తయారుగానే ఉంది.

ఇంటిపేరు సంగతి ఇంకా విచిత్రం. కొరియాలో పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. కిమ్ వాళ్ళమ్మాయి ముసలమ్మ అయినా కిమ్మే. అమెరికా వెళ్ళాక చాలామంది అక్కడి అలవాటు చూసి భర్త పేరు తగిలించుకున్నారు. సొంత దేశంలో నిలిచిన పేరు స్వేచ్ఛ ఉందన్న దేశంలో పోయింది. (మనం నవ్వేందుకు లేదు. మనకి పెళ్ళితో ఇంటిపేరే మారుతుంది. ఈ తమిళనాట అదీ అరిగి ఒక్క ఇనిషియల్ మిగిలితే, నాన్నది తీసి మొగుడిది పెడతారు.)

మరి వెళ్ళినందుకు ఏమీ మారలేదా అంటే, మారింది. మార్చింది మాత్రం జీతం. 1965లో అమెరికా వలస చట్టం మారి, దేశాలవారీ కోటా పోయింది. అప్పుడు కొరియా నుంచి వెళ్ళినవాళ్ళలో నర్సులు చాలామంది. కొన్ని ఇళ్ళలో ముందు భార్య వెళ్ళి ఉద్యోగంలో కుదురుకుని, తర్వాత భర్తని పిలిపించుకుంది. డిగ్రీ చదివిన మగవాళ్ళు ఎంతోమందికి ఇంగ్లీషు పట్టుబడలేదు, చదివిన చదువు అక్కడ చెల్లలేదు. కిరాణా కొట్లూ లాండ్రీలూ పెట్టుకున్నారు. చాలాచోట్ల కొట్టు ఆయన పేరుమీద, గల్లా దగ్గర ఆవిడ. ఆవిడకి జీతం ఉండదు, మన కొట్టే కదా అని. రాత్రి షట్టరు దించి ఇద్దరూ కలిసే ఇంటికొస్తారు. ఆయన కూర్చుంటాడు, ఆవిడ బియ్యం కడుగుతుంది. బయట పోయిన మర్యాదని ఆయన ఇంట్లో వసూలు చేసుకుంటాడు. ఆయన్ని చూసినా జాలే వేస్తుంది నాకు. కానీ ఆ బాకీ కట్టేది ఎవరు?

కొంత అమ్మ కడుతుంది, కొంత కూతురు. బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినా, ఆసుపత్రిలో డాక్టరు ఏదైనా అడిగినా ఆ ఇళ్ళలో చదివి చెప్పేది పిల్లలే. బయట నాన్నకి నోరు కూతురే. ఇంటికొచ్చాక అదే కూతురు నోరు మూసుకోవాలి. పెద్దలకి పెట్టే 'జేసా' రోజున వంటంతా ఆడవాళ్ళది, ముందు నిలబడేది పెద్దకొడుకు. ఎందుకని అడిగితే, మన కొరియా పద్ధతి అంటారు.

ఏ సంవత్సరం కొరియా అని నా ప్రశ్న. వాళ్ళు విమానం ఎక్కినప్పుడు కొరియాలో ప్రతి ఇంటికీ ఒక యజమాని పేరు రిజిస్టరులో ఉండేది. తండ్రి పోతే తల్లిని దాటి ఆ పదవి కొడుక్కి వెళ్ళేది. అక్కడి ఆడవాళ్ళు ఏళ్ళతరబడి పోరాడారు. 2005లో రాజ్యాంగ న్యాయస్థానం అది చెల్లదంది, 2008 నుంచి పద్ధతే ఎత్తేశారు. సియోల్‌లో పోయిన రిజిస్టరు లాస్ ఏంజెలెస్‌లో కొందరు నాన్నల బుర్రల్లో ఇంకా ఉంది. అలాంటప్పుడు వెనకబడింది ఏ దేశం, ముందున్నది ఏ దేశం?

ఒప్పుకోనివాళ్ళు ఉంటారని తెలుసు, ముఖ్యంగా మా గదిలోనే. ఈ కాగితం కింద జానెడు చోటు వదిలాను. పెన్నుతో రాయండి, పెన్సిల్ అయితే చెరిగిపోతుంది.