ప్రాధాన్య ఓట్లు – కంప్యూటర్ లెక్కింపు

2021లో హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల శాసనమండలి స్థానానికి 93 మంది పోటీచేశారు. దినపత్రికను తలపించే బ్యాలెట్ పత్రాలను విప్పి, అట్టడుగున ఉన్న అభ్యర్థిని తొలగించి, అతని ఓట్లను తదుపరి ప్రాధాన్యం ప్రకారం పంచుతూ సిబ్బంది రోజుల తరబడి రేయింబవళ్లు శ్రమించారు. ఈ శ్రమ వృథా కాదు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి.గిరికి గెలుపునకు కావలసిన ఓట్ల విలువ 4,18,169. తొలి ప్రాధాన్యంలో లభించినది 4,01,515 మాత్రమే. తదుపరి ప్రాధాన్యాలు కలిసిన పిమ్మటనే ఆయన 4,20,077కు చేరి నీలం సంజీవరెడ్డిపై విజయం సాధించారు.

ఇంతటి పనిని కంప్యూటరుకు అప్పగించరాదా? అప్పగించవచ్చు. అయితే కష్టమంతా కూడికలో లేదు, నియమాల మూలమూలల్లో ఉంది. ఓటరు 1 వేయక 2 మాత్రమే వేస్తే ఏమి చేయాలి? మన దేశంలో ఆ ఓటు చెల్లదు. అమెరికాలోని ఓక్లాండ్ నగరంలో రెండవ ఎంపికయే మొదటిదిగా మారాలి. 2022 నవంబరులో అక్కడి పాఠశాల బోర్డులోని ఒక స్థానానికి ముగ్గురు పోటీపడగా, లెక్కింపు సాఫ్ట్‌వేర్‌లో ఈ ఒక్క అమరిక తప్పుగా ఉండెను. మొదటి గడి ఖాళీగా వదిలిన ఓట్లు తొలి విడతలో పక్కనబడ్డాయి. గెలువవలసిన అభ్యర్థి మూడవ స్థానానికి జారి తొలగిపోయాడు. మరొకరు గెలిచినట్లు ధ్రువపత్రం వెలువడింది! యంత్రం మొరాయించలేదు, హెచ్చరించనూ లేదు. ఓట్ల వివరాలు పేర్లు లేకుండా బహిరంగపరచి ఉండుటచేత బయటివారు మళ్లీ లెక్కించి తప్పును పట్టగలిగారు. 2023లో న్యాయస్థానం ఆ ఫలితాన్ని సరిదిద్దింది.

కనుక కంప్యూటరు చెప్పినదే ప్రమాణమనే ధోరణి నాకు సమ్మతం కాదు. ప్రోగ్రాము ఎవరైనా చదువదగినదై ఉండాలి. అదే నియమావళిని చూచి, సంబంధంలేని మరొకరు వ్రాసిన ప్రోగ్రాముతో ఫలితాన్ని సరిపోల్చాలి. ఖర్చు పెరుగుతుందనువారు ఉపఎన్నిక ఖర్చునూ లెక్కవేయుదురు గాక.

ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. 93 మంది ఉన్నచోట ప్రతి ఓటులోని అంకెల వరుసను యథాతథంగా ప్రకటిస్తే రహస్యానికి ముప్పు. "ఫలానా వరుసలో అంకెలు వేయి, నీ ఓటును గుర్తుపడతాను" అని బెదిరించే పెత్తందారుకు ఆ పట్టికయే సాక్ష్యమవుతుంది. అటువంటి చోట పూర్తి పట్టికను అందరికీ పంచక, అభ్యర్థుల ప్రతినిధుల సమక్షంలోనే రెండవ లెక్కింపు జరిపించి, విడతలవారీ మొత్తాలను మాత్రం గోడకు అంటించవలెను.