శాలువా కప్పితే జనరేటరు తిరగదు

పోయిన వారం ఒక సన్మాన సభకి వెళ్లాను. వరదల్లోనూ తుఫానుల్లోనూ పనిచేసిన నర్సమ్మలకీ, ఆశా కార్యకర్తలకీ సన్మానమన్నారు. నా చేతికింద పని నేర్చుకున్న పిల్లలు ఇద్దరు ఆ జాబితాలో ఉన్నారు, అందుకని వెళ్లాను. వేదిక మీదున్న పెద్దాయన మైకు అందుకుని ఇలా అన్నారు: "విపత్తు వచ్చినప్పుడు ప్లాన్లూ ఫైళ్లూ ఎందుకూ పనికిరావు. గుండె ఉన్న మనుషులు కావాలి. మన దగ్గర ఆ గుండె ఉంది!" హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్న డాక్టరుగారు కూడా కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ముప్పై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా, హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ గుండె సంగతి ఆయనకంటే నాకు ఎక్కువే తెలుసు. అలాంటి శాలువా నాకూ ఒకసారి కప్పారు. ఎందుకు కప్పారో చెబుతాను.

కోస్తాలో ఒక ఏరియా ఆసుపత్రి. పేరు చెప్పను. తుఫాను రాత్రి. సాయంత్రం ఏడింటికే కరెంటు పోయింది. కట్లపాము కరిచిన పదకొండేళ్ల కుర్రాణ్ణి ట్రాక్టరులో తీసుకొచ్చారు. ఊపిరి అందడం లేదు. రోడ్డుకడ్డంగా చెట్లు పడి అంబులెన్సు రాలేదు, పెద్దాసుపత్రికి పంపే దారి లేదు. ఉన్న ఒక్క వెంటిలేటరు బ్యాటరీ మీద అరగంట నడిచి ఆగిపోయింది. జనరేటరు తిరగలేదు. దాని బ్యాటరీ డౌనయి నెల దాటింది, రిపేరు రిజిస్టర్లో నా చేత్తో రెండుసార్లు రాశాను. తెల్లారేదాకా చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కాం: నేను కాసేపు, వార్డు బాయ్ కాసేపు, చేతులు పడిపోయినప్పుడు ఆ పిల్లాడి తండ్రికి నేర్పించి ఆయన చేత కాసేపు. పిల్లాడు బతికాడు. పేపర్లో ఫొటో వేశారు. శాలువా, జ్ఞాపిక, పూలదండ అన్నీ అయ్యాయి.

పేపర్లో రాని సంగతి ఒకటుంది. అదే రాత్రి పక్క వార్డులో ఆయాసంతో చేరిన ఒక పెద్దాయనకి ఆక్సిజన్ సిలిండరు అయిపోయింది. నిండు సిలిండర్లు స్టోర్లో ఉన్నాయి. తాళం స్టోరు కీపరు దగ్గర, ఆయన ఊరు వాగు అవతల. తలుపు పగలగొట్టండని నేను చెప్పాలి. నేనేమో కుర్రాడి తల దగ్గర బ్యాగు నొక్కుతున్నాను, కబురు నా దాకా వచ్చేసరికి ఆలస్యమైపోయింది. తలుపు పగిలేలోగా ఆయన పోయారు. ఆ శాలువా కప్పిన రోజు వేదిక మీద ఎవరూ ఆయన పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ తప్పు ఇప్పటికీ నా గొంతులో ఉంది.

ఒక బ్యాటరీ, ఒక మారు తాళంచెవి ఆ రోజు లేకపోయిన వస్తువులు. గుండెకి లోటు రాలేదు. చేతులు మాత్రం రెండే ఉన్నాయి.

ప్లాన్లు పనికిరావంటారే, దివిసీమ వాళ్లని అడగండి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. చనిపోయినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల దగ్గర. పదమూడేళ్ల తరవాత, 1990 మే నెలలో, అదే కోస్తా మీద మళ్లీ పెనుతుఫాను విరుచుకుపడింది. చనిపోయినవారు వెయ్యి లోపు. ఆ వెయ్యీ తక్కువని అనను, ఒక్క ప్రాణమైనా ప్రాణమే. కానీ పదివేలు వెయ్యి లోపుకి ఎలా దిగింది? 1977లో మన వాళ్లకి గుండె లేదా? శవాలను చేతులతో ఎత్తి దహనం చేసినవాళ్లు, ఉప్పునీళ్లలో నడిచి గంజి పోసినవాళ్లు ఆ రోజునా ఉన్నారు. మారినవి హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, లక్షల మందిని ముందే కదిలించిన ఏర్పాటు. ఆ పెద్దాయన కొట్టిపారేసిన ఫైళ్లే అవి.

నాకు కోపం తెప్పించేది ఆ ఒక్క పెద్దాయన కాదు. గుండె ఉంటే చాలన్న మాట ఇప్పుడు అందరి నోటా ఉంది. టీవీలో వస్తుంది, ఫ్లెక్సీ మీద వస్తుంది, పిల్లల పాఠంలో వస్తుంది. నర్సు మెడ లోతు నీళ్లలో వ్యాక్సిన్ పెట్టె నెత్తిన పెట్టుకుని వాగు దాటే ఫొటో వేస్తారు. కింద "సెల్యూట్" అని రాస్తారు. ఆ వాగు మీద వంతెన ఏదని ఒక్కరూ అడగరు. వానాకాలం వస్తే ఆ ఊరికి దారి ఉండదని ముప్పై ఏళ్లుగా అందరికీ తెలుసు. జూన్ రాకముందే ఆ పెట్టెను వాగు అవతల ఒక ఫ్రిజ్‌లోకి చేర్చాలని ఎవరూ అనుకోలేదు. ఆ అమ్మాయి కొట్టుకుపోయి ఉంటే ఆ ఫొటో కింద ఏం రాసేవారు? త్యాగం అని రాసేవారు. త్యాగం అనే మాట ఆసుపత్రి గుమ్మం తొక్కిందంటే ఆఫీసు గదిలో ఎవరో తమ పని మానేశారని అర్థం. నా సర్వీసులో దీనికి మినహాయింపు చూడలేదు.

ప్లాను లోటుని మనుషులు మోయడానికి మనమొక్కళ్లమే ఉదాహరణ కాదు. 2012 అక్టోబరు 29 రాత్రి న్యూయార్క్‌లో శాండీ తుఫాను వచ్చింది. బెల్‌వ్యూ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రిలో జనరేటర్లను 13వ అంతస్తులో పెట్టుకున్నారు, వరద అందకూడదని. ఇంధనాన్ని పైకి తోడే పంపులు మాత్రం బేస్‌మెంట్‌లోనే ఉండిపోయాయి. నీళ్లు నిండి పంపులు ఆగిపోయాయి. సిబ్బందీ సైనికులూ చీకట్లో మెట్ల మీద వరసగా నిలబడి, చేతులు మార్చుకుంటూ 13 అంతస్తులకీ ఇంధనం మోశారు. వాళ్లకి చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా చివరికి ఆసుపత్రి ఖాళీ చేయక తప్పలేదు. అంత డబ్బున్న ఊళ్లో, అంతమంది మోసినా, పంపు కింద పెట్టిన తప్పుని మనిషి భుజం పూడ్చలేకపోయింది.

2015 డిసెంబరులో చెన్నైలో అడయారు ఒడ్డున ఉన్న పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలోకి వరద వచ్చినప్పుడూ కరెంటు పోయింది, జనరేటర్లు మునిగాయి, ఐసీయూలో రోగులు పోయారు. దేశమంతా చదివింది. చదివి మన ఊళ్లలో సెల్లార్‌లోని జనరేటర్లను పైకెత్తిన ఆసుపత్రులు ఎన్ని? మీ ఊళ్లో మీరు వెళ్లే ఆసుపత్రికి ఈసారి వెళ్లినప్పుడు ర్యాంపు దిగి చూడండి. పార్కింగ్ పక్కన, మురుగునీటి తొట్టి పక్కన జనరేటరే కనబడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ప్యానెల్ కూడా అక్కడే. మందుల స్టోరు ఉంటే అదీ అక్కడే. పైన గ్రానైటు, గాజు, రిసెప్షన్‌లో పూలకుండీలు. ఆసుపత్రి ప్రాణమంతా పల్లంలో పెట్టి, పేషెంట్లని ఏడో అంతస్తులో పడుకోబెడతారు. దీన్నిగురించి నేను ఎన్ని మీటింగుల్లో లేచి మాట్లాడానో లెక్కలేదు. "చూద్దాం సిస్టర్" అన్నారు. ఆ రెండు మాటలు విన్నప్పుడల్లా నాకు స్టోరు గది తలుపే కళ్లముందు ఆడుతుంది.

ఇక ఉద్దానం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన ఫొటోలు అందరూ చూశారు. తరాల తోటలు అవి, ఆ రైతుల దుఃఖం చిన్నది కాదు. కానీ ఉద్దానమంటే కిడ్నీ జబ్బుల సీమ కూడా. అక్కడ ఇంటికొకరన్నట్టు ఉంటారు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు రక్తం శుద్ధి జరగాలి. ఆ యంత్రం నిమిషానికి అరలీటరు ద్రావణం వాడుతుంది, అంటే నాలుగు గంటలకి 120 లీటర్లు. అదీ ఆర్‌ఓ ప్లాంటులో శుద్ధి చేసిన నీళ్లతో కలిపింది కావాలి. ఆ ప్లాంటుకి కరెంటు కావాలి. బోరు మోటారుకి కరెంటు కావాలి. పది బెడ్లు ఒక షిఫ్టు నడవడానికి 1200 లీటర్లు. స్తంభాలు వందల్లో కాదు, వేలల్లో పడిపోయి, ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నప్పుడు ఆ నీళ్లు ఎవరి గుండెలోంచి తోడాలి?

డయాలసిస్ పేషెంటుకి తుఫాను గాలి ఆగడంతో ప్రమాదం తీరదు, అప్పుడే మొదలవుతుంది. మంగళవారం తప్పిపోతే గురువారానికి ఒళ్లు వాస్తుంది, శుక్రవారానికి ఊపిరాడదు, పొటాషియం పెరిగి గుండె ఎప్పుడు ఆగుతుందో తెలియదు. వాతావరణ శాఖ నాలుగైదు రోజులు ముందే చెబుతోంది కదా. ఆ నాలుగు రోజుల్లో అందరికీ ఒక సెషన్ ముందుకు జరిపి చేసేయొచ్చు. ఎవరెవర్ని ఏ సెంటరుకి తరలించాలో పేరు పేరునా రాసుకోవచ్చు. ఇంట్లో ఏం తినకూడదో, నీళ్లు ఎంతకి మించి తాగకూడదో చెప్పొచ్చు. తుఫాను బాధితుడికి మనం ఇచ్చే మొదటి వస్తువు అరటిపండు, కొబ్బరిబోండాం. ఆ రెండూ కిడ్నీ పేషెంటుకి పొటాషియం విషం. పంచేవాడిది మంచి మనసే, చేతిలో ఉన్నది మాత్రం ప్రాణం తీసేది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, సంతోషం. ఆ మంచి భవనానికి తుఫాను తరవాతి నాలుగో రోజు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో రాసిన కాగితం ఉండాలని ఇంకా సంతోషంగా అడుగుతాను.

ఇక బుడమేరు వాగు వరద సంగతి. 2024 సెప్టెంబరు 1న విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. జనం మేడల మీద రోజుల తరబడి ఉండిపోయారు. డ్రోన్లతో ఆహారం పొట్లాలు దించారు, ఆకలికి అన్నం అందింది, దాన్ని తప్పుపట్టను. కానీ అప్పటినుంచి ఎవర్ని కదిపినా డ్రోన్లే చెబుతున్నారు, డ్రోను ఉంటే ప్లానే అక్కర్లేనట్టు. ఏ మేడ మీద ఇన్సులిన్ వేసుకునే ముసలమ్మ ఉందో, ఏ ఇంట్లో తొమ్మిదో నెల గర్భిణి ఉందో, ఎవరు మూర్ఛకి రోజూ మాత్ర వేసుకోవాలో డ్రోనుకి ఎవరు చెప్పాలి? ఆ వీధి ఏఎన్ఎంకి తెలుసు, ఆశాకి తెలుసు, అంగన్‌వాడీ టీచరుకి తెలుసు. వాళ్లకి తెలిసినదంతా ఇప్పుడు ట్యాబ్‌లో ఎక్కించాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖని కొట్టినప్పుడు ఫోన్లు మూగబోయిన సంగతి అప్పుడే మరిచిపోయామా? నెట్‌వర్క్ లేని రోజు ట్యాబ్ పలక కంటే హీనం. పలక మీద కనీసం రాసుకోవచ్చు. మేం రిజిస్టర్లలో గీతలు గీసుకుని ఎర్ర ఇంకుతో కాన్పు తేదీలు రాసుకునేవాళ్లం. పాతకాలం మనుషులని నవ్వారు. ఆ ఎర్ర ఇంకు పేజీ చింపి చేతిలో పెడితే పడవవాడు కూడా ఇల్లు వెతుక్కుని వెళ్లగలడు.

గోదావరి ఒడ్డున ఇలా ముందే రాసుకుని కదిలే పని జరగడం చూశాను కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అంకెని బట్టి పని మొదలవుతుంది. నెలలు నిండిన ఆడపిల్లల్ని దారులు మూసుకుపోకముందే ఆసుపత్రికి తెస్తారు. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటినప్పుడు ముందే కదిలినవాళ్లు కదిలారు. అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. కానీ అక్కడ పేర్ల జాబితా ఉంది, అంకె ఉంది, అంకె రాగానే బండి కదలాలన్న అలవాటు ఉంది. నేను మాట్లాడే ప్లాను అదే.

డబ్బులేవీ అంటారు. ఆ సభకి వేసిన షామియానా, ఫ్లెక్సీలు, భోజనాల ఖర్చుతో ఎన్ని జనరేటర్ బ్యాటరీలు వస్తాయో లెక్క చూసుకోండి, నేను మళ్లీ చెప్పను. దైవాధీనం అంటారు. తుఫాను దైవాధీనం, తాళంచెవి కాదు.

గుండె గుండె అని పొగిడే ఈ పెద్దలు ఆ గుండె ఉన్న మనిషికి ఏం చేశారు? ఆశా కార్యకర్తకి మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకి పదివేల గౌరవ వేతనం. జీతమని కూడా అనరు. వరద వచ్చినప్పుడు ఆమె ఇల్లే ముందు మునుగుతుంది, ఆమె ఉండేదీ ఆ వీధిలోనే కాబట్టి. పిల్లల్ని ఎక్కడ వదిలి డ్యూటీకి రావాలి? మూడోరోజు ఆమెకి బదులు ఎవరు వస్తారు? నలభై గంటలు నిద్రలేని నర్సు ఇంజెక్షన్ మోతాదు తప్పితే, ఇప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే మెమో రాస్తాయి. మెమో అందుకుని ఏడ్చిన పిల్లల్ని నా గదిలో కూర్చోబెట్టుకుని మంచినీళ్లు ఇచ్చినదాన్ని నేను.

మరి ఏం చేయాలంటారా? ఇంజనీరుని కాను, పెద్ద పెద్ద పథకాలు నాకు రావు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే ఆసుపత్రుల భద్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది, తెలిసినవాళ్లు అవి తీసి చదవాలి. సిబ్బందికి ముందే రెండు జట్లు కట్టాలి, వాళ్ల పిల్లలకి ఆసుపత్రిలోనే ఒక గది ఇవ్వాలి. స్టోరుకి మారు తాళంచెవి డ్యూటీ నర్సు దగ్గర ఉండాలి. తక్కినవి ఎక్కడికక్కడ ఆలోచించుకోవాలి.

అక్టోబరు, నవంబరు మనకి తుఫాను నెలలు. అంతకుముందు ఏదో ఒక పగటిపూట, డాక్టర్లంతా ఉన్నప్పుడు, ఎంచుకున్న టైముకి మీ ఊరి ఆసుపత్రిలో మెయిన్ కరెంటు ఆపేయమనండి. జనరేటరుని ఉత్తినే కాదు, పూర్తి లోడు మీద రెండు గంటలు నడపమనండి. లేబర్ రూములో ఏ లైటు వెలిగింది, పసిపిల్లల వార్డులో ఏ వార్మరు ఆగింది, ఆక్సిజన్ మీటరు ఎంత చూపించింది, డీజిలు ఎన్ని లీటర్లు తగ్గింది, అన్నీ ఒక కాగితం మీద రాసి, కింద సూపరింటెండెంటు సంతకం పెట్టి, ఓపీ చీటీలిచ్చే కిటికీ పక్కన అందరికీ కనబడేలా అంటించమనండి.