బందీలు రైలులో, బేరం మార్కెట్‌లో

సాయుధులు న్యూయార్క్ సబ్‌వే రైలును చేజిక్కించుకొని, గంటలోగా డబ్బు అందకపోతే ప్రయాణికులను చంపుతామంటారు. జోసెఫ్ సార్జెంట్ 1974లో తీసిన ‘ది టేకింగ్ ఆఫ్ పెల్హామ్ వన్ టూ త్రీ’ను టోనీ స్కాట్ 2009లో పునర్నిర్మించారు. అప్పుడు అడిగింది పది లక్షల డాలర్లు, ఇప్పుడు కోటి. అసలు మార్పు ఆ అంకెలో లేదు.

పాత చిత్రంలో నగర ఖజానా ఖాళీ. జ్వరంతో మంచం పట్టిన మేయర్‌కు బందీల ప్రాణాలను ఓట్లుగా లెక్కగట్టి చూపుతుంది భార్య. అది మోటు రాజకీయమే. అయినా ఓటరుకు భయపడే రాజకీయం.

లీమన్ బ్రదర్స్ కుప్పకూలిన మరుసటి ఏడాది వచ్చిన కొత్త చిత్రంలో దుండగుడు వాల్‌స్ట్రీట్ మనిషి. అతనికి విమోచన ధనం ఎర మాత్రమే. నగరం వణికితే షేర్లు పడతాయి, బంగారం పెరుగుతుంది, ముందే కాసిన పందెం పండుతుంది. ప్రజల భయమే సరుకు.

ఇంత దూరం చూసిన చిత్రం ముగింపులో వెనకడుగు వేసింది. భయాన్ని లాభంగా మార్చే వ్యవస్థపై ప్రశ్న లేదు. ఒక దుర్మార్గుడు తూటాకు కూలితే లెక్క సరిపోయింది. లంచం ఆరోపణపై విచారణ ఎదుర్కొంటున్న రైల్వే అధికారి గార్బర్ ప్రాణాలకు తెగించాడు కనుక, నగరం అండగా ఉంటుందని మేయర్ హామీ ఇస్తాడు. సాహసం మెచ్చదగినదే, అది విచారణకు ప్రత్యామ్నాయం కాదు. శాలువా కప్పే చేత్తోనే ఫైలు మూసే పాలకులకు ఆ ముగింపు ఊరట. పౌరులకు మాత్రం హెచ్చరిక.