మురికి వాటా ఎవరి ఖాతాలో?

నీళ్ళు, నిధులు, నియామకాలని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అయితే నీళ్ళంటే టీఎంసీలే అనుకున్నాం. ఆ నీళ్ళు ఎట్లా ఉన్నాయో అడగటం మరిచిపోయాం.

బొగ్గు తవ్వాలంటే ముందు నీళ్ళు తోడాలి. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి, మణుగూరు... బావుల్లోనైనా ఓపెన్‌కాస్టుల్లోనైనా మోటార్లు నడిస్తేనే పని సాగుతుంది. తోడిన నీళ్ళు వాగుల్లో పడి గోదావరికి చేరతాయి. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ. అందుకే మేఘాలయలో లూఖా నది చలికాలంలో నీలం రంగుకు తిరిగినట్టు మన గోదావరి తిరగలేదు. అది భూమి చేసిన మేలు, ఏ అధికారి ఘనతా కాదు. అయినా రాతిపొరల్లో నిలిచిన నీరు ఉప్పులను, సల్ఫేట్లను కరిగించుకునే పైకొస్తుంది. మట్టిగుట్టల మీద కురిసిన వాన బురదను, బొగ్గునుసిని వాగుల్లోకి కడిగేస్తుంది.

గని నీటిలో తేలే మలినాలు లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటరాదని 2000లో కేంద్రం ప్రమాణం పెట్టింది. ట్యాంకులో నిలబెడితే బురద అడుగుకు దిగుతుంది. కరిగిన ఉప్పు దిగదు. కంటికి తేటగా కనిపించిన నీరు తాగటానికి పనికొస్తుందన్న నమ్మకం లేదు. అసలు మోసం అక్కడుంది.

ఈ నీటి దారి భద్రాచలం దగ్గర ఆగదు. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు ప్రకాశం బ్యారేజీకి చేరాయి. అక్కడి నుంచి కేఈబీ కాలువ తోట్లవల్లూరు మీదుగా దివిసీమ వైపు పోతుంది. తోట్లవల్లూరు పొలాల్లో బొగ్గునీళ్ళు పారుతున్నాయని మేం అనటం లేదు. పట్టిసీమ మోటార్లు ఎక్కువగా నడిచేది వరద నెలల్లో. అంత ప్రవాహంలో గని నీరు పలచబడుతుంది. దెబ్బంతా ఎండాకాలంలో, వాగులో గని నీళ్ళు తప్ప వేరే ధార లేనప్పుడు, ఆ ఒడ్డున బతికే మన ఊళ్ళకే తగులుతుంది.

మరి తోట్లవల్లూరు ఊసెందుకు? 1980 బచావత్ తీర్పులో కృష్ణకు మళ్ళించే 80 టీఎంసీల గోదావరి నీటికి వాటాలు తేలాయి. విభజన చట్టంతో రెండు నదులకూ బోర్డులొచ్చాయి. రెండు రాష్ట్రాలూ టీఎంసీల మీద తగవులాడుతూనే ఉన్నాయి. మురికిలో వాటా కావాలని మాత్రం ఎవరూ అడగరు. కనుక దాని లెక్కా ఎవరూ తీయరు. నీటి నాణ్యత అడిగే విషయంలో మంథని రైతుకూ తోట్లవల్లూరు రైతుకూ తగవు లేదు.

ఒకప్పుడు ఏ పాపమైనా ఆంధ్ర పాలకుల మీద వేసేవాళ్ళం. ఇప్పుడా వెసులుబాటు లేదు. సింగరేణిలో 51 శాతం వాటా మన రాష్ట్రానిది. గని నీరు వాగులో కలిసే ప్రతిచోటా పరీక్ష జరగాలి. బురద ఒక్కటే చూస్తే చాలదు, కాఠిన్యం, సల్ఫేట్లు కూడా చూడాలి. ఎండాకాలంలో నెలనెలా ఆ ఫలితాలను గ్రామ పంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఇవ్వకుంటే విద్యార్థులు, ఉద్యోగులు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి.

2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికుడు బావి దిగనన్నాడు. రాష్ట్రమంతా ఆయన బలం చూసింది. ఆయన ఇంటి బిందెలో నీళ్ళెట్లున్నాయో చెప్పలేని సర్కారు, స్వరాష్ట్రమైనా సరే, ఆయనకు బాకీ ఉన్నట్టే.